ఉప్పుగాలి ఊరిలో ఇల్లు సర్దుట

విశాఖపట్టణంలో కాపురముండే వారికి ఇల్లు సర్దుట పండుగ ముందటి ముచ్చట మాత్రమే కాదు; అది సముద్రంతో ఏడాది పొడుగునా సాగే వ్యాజ్యం. అనంతపురంలోనో కడపలోనో మంచం క్రిందికి త్రోసి మరచిపోయిన ట్రంకుపెట్టెను పదేండ్ల తరువాత బయటికి లాగినా మూత కిర్రుమంటుందే గాని పెట్టె పెట్టెగానే ఉంటుంది. అదే పెట్టెను పెదవాల్తేరులోనో జాలారిపేటలోనో కొన్ని వానాకాలాలపాటు తాకకుండా ఉంచితే అడుగు రేకు జల్లెడ అవుతుంది. లోపలి పట్టుచీర మడతల వెంట చీలుతుంది. పుస్తకాల అట్టలమీద బూజు మొలుస్తుంది. గోడకు కొట్టిన మేకు తలనుండి తుప్పునీరు చారలు చారలుగా సున్నంమీదికి దిగుతుంది.

దీనికి కారణం ఉన్నత పాఠశాల విద్యార్థి సయితం గ్రహించగలిగినంత సులభమైనది. అల ఒడ్డున విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో ఆరిపోగా కంటికి కనిపించని ఉప్పు రేణువులు మిగులుతాయి. అవి గాలితోపాటు ఊరిలోనికి వచ్చి, కిటికీ చువ్వలమీద, బీరువా తలుపులమీద, పుస్తకాల అంచులమీద వాలుతాయి. సముద్రపు ఉప్పులో వంటయింటి ఉప్పుతోపాటు మెగ్నీషియం క్లోరైడు అనే మరియొక లవణం ఉన్నది. గాలిలోని తడిని పీల్చుకొనుటలో అది బహు చురుకైనది. వానాకాలంలో జాడీలోని కల్లుప్పు చెమర్చి నీరుకారుటకు అదే కారణం. ఆ చెమ్మయే ఇనుముమీద సన్నని పొరగా నిలిచి తుప్పును త్వరపెడుతుంది. వాన లేని రోజున కూడ విశాఖలో ఇనుము తడిసియే ఉంటుందనుట అతిశయోక్తి కాదు. రేవుకు దగ్గరనున్న పాతపట్టణపు వీధులలో ఇది చాలదన్నట్లు, ఓడల సరుకైన బొగ్గు, ముడిఇనుముల ధూళి నల్లగా వచ్చి కిటికీలమీద పేరుకొంటుంది. ఉదయం తుడిచిన బల్లమీద సాయంకాలం వ్రేలితో పేరు వ్రాసుకోవచ్చును.

కనుక ఈ ఊరిలో ఒక వస్తువును ఉంచుకొనుట అంటే దానిని ఒక మూల పెట్టి ఊరకుండుట కాదు, కాపాడుట. కాపాడుట అంటే తుడుచుట, ఎండకో గాలికో ఆరవేయుట, నూనె రాయుట, ఏడాదికి ఒక్కసారియైనా చేతిలోనికి తీసుకొని చూచుట. ఈ చాకిరీ చేయవలసిన చేతులు ఇంటిలో రెండో నాలుగో ఉంటాయి. అవి కూడ తరచుగా ఆడవారి చేతులే. సామానులు మాత్రం వందలు. లెక్క ఎక్కడ తప్పుతున్నదో తెలుసుకొనుటకు గణితశాస్త్రం అక్కరలేదు.

వెనుకటి తెలుగు ఇంటిలో సామాను తక్కువగా ఉండేదని కొందరు తలుస్తారు. అది సరికాదు. తిరగలి, రోలు, రోకళ్ళు, చేటలు, జల్లెడలు, గంపలు, నీళ్ళ కాగులు, పెండ్లిళ్ళకు దించే గంగాళాలు, పురుటికి వచ్చిన ఆడబిడ్డకొరకు దాచిన నులకమంచం, ఏడాది గింజలకు గాదె—ఇంత సంభారం నేటి రెండు గదుల ఇంటిలో పెడితే మనిషికి నిలుచుండ చోటు దొరకదు. అయినను ఆ ఇల్లు కిక్కిరిసినట్లు కనిపించేది కాదు. ఏలనన అది నేలమీద కాక నిలువునా సర్దబడినది. బరువైనవి నేలమీద. దీపానికి, పసుపుకుంకుమలకు గోడలోనే గూళ్ళు. కండువాకు చిలుకకొయ్య, చీరలకు దండెం. పిల్లికి, పిల్లలకు అందకూడని పాలు, పెరుగు, వెన్నలకు దూలమునుండి వ్రేలాడే ఉట్టి. కొడవలికి చూరు. విలువైన వాటికి భోషాణం. ఏడాదికొకమారు పనికివచ్చే సమస్తానికి అటక.

నిదానించి చూస్తే ఈ అమరికలో ఒక శాస్త్రం కలదు. దినదినమూ కావలసిన వస్తువు నడుమునకు, కంటికి మధ్య ఉంటుంది. పండుగకో పబ్బానికో కావలసినది నిచ్చెన ఎత్తున ఉంటుంది. వస్తువు ఎంత ఎత్తున ఉన్నదో చూచి అది ఎన్నాళ్ళకొకసారి వాడబడునో చెప్పవచ్చును. నేటి ఇంటిలో ఈ నియమం తలక్రిందులయినది. ఏడాదిగా ఎవరూ తాకని మిక్సీ పెట్టె వంటయింటి గట్టుమీద ఉంటుంది. నిత్యం కావలసిన కందిపప్పు డబ్బాకు ముక్కాలిపీట ఎక్కవలసి వస్తుంది.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ నిలువు అమరికకు మరింత విశేషమైన ఉదాహరణ చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దానిపై నేలను తాకుతున్నదా అన్నంత క్రిందికి వాలిన తాటాకు కప్పు. తుపానుగాలికి మూల అంటూ దొరకదు గనుక అది ఇంటిని చుట్టుకొని జారిపోతుంది. గుండ్రని ఇంటిలో బల్లలు, బీరువాలు గోడకు చేరవేయుట కుదరదు. కనుక దాచవలసిన వాటికి అటకయే దిక్కు. విత్తనపు గింజలు, చింతపండు పొయ్యిపొగ తగిలేచోట పెడితే పురుగు చేరదని పల్లె గృహిణి ఎరుగును. ఆ పొగ ఆమె కన్నులకు, ఊపిరితిత్తులకు చేసిన అపకారాన్ని కూడ చెప్పకుండా వెనుకటి రోజులను పొగడుట న్యాయం కాదు. అటువంటి ఇండ్లు నేడు బహుకొద్దిగా మిగిలినవి.

ఇరువదవ శతాబ్దంలో విశాఖ ప్రజల నివాసం మారినది. 1933లో రేవు తెరచుకొన్నది. అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అనే నౌక మొదటగా లోనికి వచ్చినది. 1948 మార్చిలో సింధియా నౌకానిర్మాణశాలనుండి 'జల ఉష'ను నెహ్రూ జలప్రవేశం చేయించినాడు. రైల్వే, రేవు, నౌకాశాల, నౌకాదళం, తరువాత ఉక్కు—ఒక్కొక్కటి వేలాది కుటుంబాలను తెచ్చి క్వార్టర్సులో దించినది. క్వార్టరు అంటే రెండు గదులు, ఒక వంటిల్లు, సిమెంటు పలకతో వేసిన ఒక చిన్న అటక. దూలం లేదు గనుక ఉట్టి లేదు. చూరు లేదు. గోడలో గూడు లేదు. పల్లెటి ఇంటినుండి సామాను మాత్రం బండిమీద వెంట వచ్చినది. వస్తువులు మిగిలి వాటి చోట్లు పోయినవి. నేటి ఇండ్లలో కనిపించే గందరగోళానికి పుట్టుక ఇక్కడ వెదకవలెనే గాని, గృహిణి బద్ధకంలో కాదు.

ఈ మార్పు అందరికంటె కఠినంగా తాకినది ఉక్కు కర్మాగారంకొరకు ఊళ్ళు విడిచినవారిని. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో సాగిన ఆందోళన ఫలితంగా 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినది. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినాడు. ఈ రెండు తేదీలు పాఠ్యపుస్తకాలలో దొరుకుతాయి. వాటి నడుమ 64 గ్రామాల భూములు తీసుకొనబడినవి. అక్కడి కుటుంబాలు అగనంపూడి, వడ్లపూడి, గంట్యాడ ప్రాంతాల పునరావాస కాలనీలకు తరలినవి.

తరలింపు అంటే ఇల్లు సర్దుటయే; కాని దానికి ముహూర్తం ఇంటివారు పెట్టినది కాదు. సెంట్ల లెక్కన కొలిచి ఇచ్చిన స్థలంలో గాదె ఎక్కడ పెట్టవలెను? పెట్టుటకు చోటున్నా అందులో పోయుటకు పంట ఏది? నాగలి, కాడిమాను, తూర్పారపట్టే చేట, ధాన్యం కొలిచే కుంచం—ఇవన్నీ ఒక్క దినంలో అక్కరలేని వస్తువులయినవి. పాతబడినందున కాదు, విరిగినందున కాదు; వాటి చుట్టూ ఉన్న బ్రతుకు మారినందున. అక్కరలేని వస్తువును పారవేయుమని చెప్పే సలహాదారులు ఎవరూ ఇట్టి వస్తువును గూర్చి ఆలోచించినట్లు లేదు.

ఆ కుటుంబాలవద్ద మరియొక వస్తువు కలదు. దానికి బరువు లేదు, అందం లేదు. నిర్వాసితులకు పునరావాసపు గుర్తింపుగా ఇచ్చిన ఆ పత్రాన్ని ఈ ప్రాంతంలో అందరూ 'ఆర్ కార్డు' అంటారు. కర్మాగారంలో ఉద్యోగం అడుగుటకు అదే ఆధారం. దశాబ్దాలు గడిచినా అందరికీ ఉద్యోగాలు రాలేదు. కార్డు తాత చేతినుండి తండ్రి చేతికి, తండ్రినుండి కుమారునికి వచ్చి, ఇంకను అడుగుతూనే ఉన్నది. ఇంటిలోని బంగారం పోతే మరల చేయించుకోవచ్చును. ఆ కాగితం చెదల పాలయితే తమ ఊరు ఒకప్పుడు ఉండినదని రుజువు చేసుకొనుటే కష్టం.

జపాను దేశస్థురాలు మారీ కొండో వ్రాసిన ఇల్లు సర్దే పుస్తకం 2014లో ఆంగ్లంలో వెలువడి లోకమంతటా పేరుపొందినది. ప్రతి వస్తువును చేతిలోనికి తీసుకొని, ఇది ఆనందం కలిగిస్తున్నదా అని తన్ను తాను ప్రశ్నించుకొమ్మని, కలిగించనిదానికి కృతజ్ఞత చెప్పి సాగనంపుమని ఆమె సలహా. వస్తువుకు కృతజ్ఞత చెప్పుటలో ఒక సంస్కారం ఉన్నది. దసరాకు ఆయుధపూజ చేసే జాతికి అది క్రొత్త కాదు. చీరల విషయంలో, అలంకారపు బొమ్మల విషయంలో ఆమె ప్రశ్న చక్కగా పనిచేస్తుంది. కాని భూమి పట్టాను చేతిలోనికి తీసుకొంటే ఎవరికి ఆనందం కలుగుతుంది? రేషను కార్డు, ఆసుపత్రి చీటి, అప్పు తీర్చిన రశీదు—ఇవి ఆనందం ఇవ్వవు. ఇవి లేకపోతే మాత్రం దుఃఖం తప్పదు. ఆర్ కార్డు ముందు ఆ ప్రశ్న నిలువజాలదు.

విశాఖలో ఇల్లు సర్దుట నేర్చుకొనుటకు పుస్తకంకంటె మంచి పాఠశాల బీచిరోడ్డులోనే ఉన్నది. 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించిన 'కుర్సురా' జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో ప్రదర్శనశాలగా మార్చినారు. ఉపాధ్యాయులు ఏటేటా పిల్లలను వరుసలు కట్టించి తీసుకొనిపోయే చోటు అది. దాని పొడవు 91 మీటర్ల పైచిలుకు. లోపల సుమారు 75 మంది దినాల తరబడి నీటి అడుగున ఉండవలసినవారు. నడవ ఇద్దరు ఎదురుపడితే ఒకరు ప్రక్కకు ఒదిగి నిలువవలసినంత ఇరుకు. గుండ్రని ద్వారంలో తల వంచి, కాలు ఎత్తి దాటవలెను. టార్పెడోల సరసనే నావికుల పడకలు, పైనొకటి, క్రిందనొకటి. వంటకు ఒక మూల. ఇంత ఇరుకులో వస్తువు తన చోటు తప్పితే అది అసౌకర్యం మాత్రమే కాదు, ప్రాణాపాయం. దీపం ఆరినప్పుడు కూడ చేయి పోయినచోట మర, మరలు త్రిప్పే పనిముట్టు దొరకవలెను. చీకటిలో అందుకొనగలిగేట్లు ఉండుట—వెనుకటి ఇంటి గూటికి, చిలుకకొయ్యకు ఉన్న గుణమే ఇది.

అయితే జలాంతర్గామిని యథాతథంగా ఇంటికి తెచ్చుకొనుట వలన కాదు. అందులో అమ్మమ్మలు లేరు. పాకే పిల్లలు లేరు. సంక్రాంతికి దిగబడే చుట్టాలకు పరుపులు వేయవలసిన పని లేదు. ఇల్లు అన్నది కొంత వదులుగా ఉండవలసినదే. అంగుళం అంగుళం లెక్కకట్టి అమర్చిన ఇంటిలో అతిథి తన చెప్పులు ఎక్కడ విడువవలెనో తోచక గుమ్మంలోనే నిలిచిపోతాడు.

కర్మాగారాలలో మరియొక పద్ధతి కలదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపాను పరిశ్రమలలో రూపుదిద్దుకొన్న ఆ విధానాన్ని 'ఐదు ఎస్‌లు' అంటారు. ఏరివేత, అమరిక, శుభ్రత, ఒరవడి, అలవాటు అనే అర్థాలుగల ఐదు జపనీయ పదాలకు అది సంక్షేపం. కార్మికుడు తన పనిముట్ల బల్ల ఎదుట, ఒక్కొక్క పనిముట్టు ఆకారాన్ని గోడపలకమీద రంగుతో గీసి ఉంచుతాడు. సుత్తి లేకపోతే సుత్తి ఆకారమే ఖాళీగా కనిపించి అడుగుతుంది. విశాఖలో ఎందరో గృహస్థులు పగలంతా ఇట్టి నియమంతో పనిచేసి, సాయంకాలం ఇంటికి వచ్చి కత్తెర ఎక్కడున్నదని కేకవేసేవారే. ఆ ఐదింటిలో ఇంటికి నిజంగా పనికివచ్చేది ఎర్రచీటి పద్ధతి. ఉంచవలెనో తీయవలెనో తేలని వస్తువుకు తేదీ వేసిన ఎర్రచీటి కట్టి వేరొక చోట పెడతారు. గడువులోపల ఎవరైనా వెదకుకొంటూ వస్తే అది నిలుస్తుంది. రాకపోతే పోతుంది. ఇంటిలో దీనికి ఒక అట్టపెట్టె, ఒక కాగితపు ముక్క చాలును. పారవేయుటకు మనసొప్పనివారికి, పారవేసి చింతించేవారికి మధ్య ఇంతకంటె న్యాయమైన తీర్పరి లేడు.

2014 అక్టోబరు 12, ఆదివారం. నాడు మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరం దాటినది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి చెట్లు కూలినవి, స్తంభాలు ఒరిగినవి, మేడల అద్దపు కిటికీలు పగిలి వాన అడ్డంగా గదులలోనికి కొట్టినది. తరువాత దినాలలో కరెంటు లేని ఇండ్ల మేడలమీద, ప్రహరీలమీద ఆరవేసినవి బట్టలు మాత్రమే కావు. సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటోలు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల నోటుబుక్కులు. అద్దపు కిటికీ ప్రక్కన పుస్తకాల బీరువా పెట్టుట అందమే. ఆ ఆదివారం ఆ అందం ఎంత ఖరీదైనదో తెలిసినది. ఎక్కడ ఏమున్నదో ఎరిగినవారు ఒక్క సంచి చేతబట్టుకొని లోపలి గదిలోనికి పోగలిగినారు. ఎరుగనివారికి తుపాను వెదకుకొనే వ్యవధి ఇవ్వలేదు.

ఈ ఊరికి 1942లో కూడ అటువంటి ఒక దినం వచ్చినది. ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు బాంబులు వేయగా పట్టణపు జనం ఊళ్ళు పట్టిపోయినారు. నాడు పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో నేటికిని ఉన్నది. బండిలో ఏది ఎక్కించవలెను, ఏది విడువవలెను అని ఆ సాయంకాలం ప్రతి ఇంటిలోను ప్రశ్న పుట్టి ఉండవలెను.

విశాఖ వాసులు ఇల్లు సర్దుకొనవలసిన కాలాలు దీనినిబట్టి రెండని తోస్తుంది. ఒకటి అక్టోబరు రాకముందే. తూర్పుతీరానికి తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలలలో గనుక అంతకుముందే ముఖ్యమైన కాగితాలను ఒక్కచోటికి చేర్చవలెను. పూర్తిగా ఆరిన కాగితాన్ని మాత్రమే ప్లాస్టికు సంచిలో మూతికట్టి పెట్టవలెను. చెమ్మ ఉన్న కాగితాన్ని అట్లు కడితే తుపాను చేయవలసిన పని సంచియే చేస్తుంది. రెండవ కాలం సంక్రాంతి. వానలు వెనుదిరిగి, గాలిలో తడి తగ్గి, ఎండ ఇంకను ముదరని ఆ రోజులకంటె పుస్తకాలకు, బట్టలకు గాలి తగిలించుటకు మంచి అదను లేదు. పెద్దలు భోగినే పాతసామాను తీసే దినంగా పెట్టుకొన్నది ఇందుకేనేమో.

భోగిమంటను గూర్చి ఒక్కమాట. వెనుకటి మంటలో పడినవి విరిగిన బుట్టలు, చినిగిన చాపలు, అరిగిన చీపుళ్ళు, పుచ్చిన కర్రలు. అన్నియు మొక్కనుండి వచ్చినవే గనుక బూడిదయై మట్టిలో కలిసేవి. నేటి మంటలో ప్లాస్టికు కుర్చీ, రెక్సిను సంచి, టైరు పడుతున్నవి. వాటి పొగ విషం. ఆచారం నిలవవలెనన్నా అందులో వేసే సామాను మారవలసి ఉన్నది.

మంటలో వేయకుండా వస్తువులను సాగనంపే మార్గాలు ఇక్కడివారికి బాగుగనే తెలుసు. పాతచీరలు నాలుగు పొరలుగా పరచి కుడితే బొంత అయినది. అది శిశువు క్రింద మొదలై, అరిగి, కాళ్ళు తుడుచుకొనే గుడ్డగా ముగుస్తుంది. పాతబట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవారు గంప నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరిగినారు. ఆ బేరంలో తెలివి ఎవరిదో తేల్చుట కష్టం. నాలుగు చీరలు పోయి ఇంటిలోనికి ఐదవ గిన్నె వస్తుంది. తుక్కు ఇనుము కొనే వాని త్రాసులో పడిన తుప్పుపట్టిన ట్రంకుపెట్టె ఏదో ఒక కొలిమికి చేరి, కరగి, మరల ఉక్కు అవుతుంది. ఉక్కు కొలిమిలో పాత ఇనుము కలుపుట పరిపాటి. విశాఖలో ఈ సంగతి పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాగితం సంగతి అట్లు కాదు. తూకానికి పోయిన కాగితం గుజ్జై మరల కాగితం కావచ్చును గాని, దానిమీది వ్రాత మరల రాదు. అయినను ఇల్లు సర్దేటప్పుడు మొట్టమొదట గుమ్మం దాటేవి కాగితాలే. బరువు ఎక్కువ, చోటు ఎక్కువ, వెల తక్కువ. విరిగిన కుర్చీని మరమ్మతు చేయించవచ్చునని పదేండ్లు దాచే గృహస్థు, తండ్రి చేతివ్రాతలోని పద్దుపుస్తకాలను అరగంటలో తూకానికి వేస్తాడు.

తెలుగువారికి ఈ అలవాటు పాతదే. తాళపత్ర గ్రంథాలు అటకలమీద చెదలుపట్టినవి. చదివేవారు లేరని నదిలో విడిచినవారు, పొయ్యిలో పెట్టినవారు ఉన్నారు. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌను వంటి పరదేశి సొంత డబ్బు వెచ్చించి వ్రాతప్రతులు సేకరింపజేసి, పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించవలసి వచ్చినది. ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసి, మసితో అక్షరాలకు నలుపు పట్టించి, రెండు చెక్కల నడుమ బిగించి, గుడ్డలో చుట్టి పెట్టే పద్ధతి పూర్వులకు తెలియనిది కాదు. ఏటేటా ఆ పని చేసే చేతులు లేకపోయినవి, అంతే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయంలో నేడున్న తాళపత్రాలు, అటువంటి ఏ అటకమీదనో ఎవరో ఒకరు పారవేయకుండా ఆగినందున మిగిలినవే. గురజాడ అప్పారావు 1915లో కన్నుమూసినాడు. ఆయన లేఖలు, దినచర్యలు పుస్తకాలై పాఠకుల చేతికి వచ్చినది అనేక సంవత్సరాల తరువాత. ఆ నడుమ అవి వట్టి పాతకాగితాలు. ఏ సంక్రాంతికి తూకానికి పోయినా అడిగేవారు లేరు.

గురజాడ కాగితాలు ఎందరి ఇండ్లలో ఉంటాయని ఎవరైనా అడుగవచ్చును. కాని 64 ఊళ్ళు నేలమీద లేకుండా పోయినచోట, ఆ ఊరిబడి హాజరుపట్టీ, పొలం శిస్తు రశీదు, గ్రామదేవత సంబరానికి వ్రాసిన చందాల చిట్టా—ఇవి ఎవరి పెట్టెలో ఉన్నా అవే ఆ ఊరి చరిత్ర. రేవులో దినకూలిగా చేరిన తాత జీతపు చీటీ అటువంటిదే. ఉపాధ్యాయుల ఇండ్లలో ఇట్టివి మరింత ఎక్కువగా ఉంటాయి. ముప్పది ఏండ్ల ఉద్యోగంలో పేరుకొన్న ప్రశ్నపత్రాలన్నిటిని దాచవలెనని కాదు. తరగతికొకటి చొప్పున ఉంచి తక్కినవి సంతోషంగా పంపివేయవచ్చును. పాత వాచకం ఒక ప్రతి, పాఠశాల వార్షికోత్సవపు కరపత్రం ఒకటి, విద్యార్థులతో దిగిన ఫోటోలన్నీ నిలుపవలెను. పదవీవిరమణ చేసి క్వార్టరు తాళం అప్పగించవలసిన వారానికి ఈ పని వాయిదా వేస్తే, నిర్ణయించేది ఇంటివారు కాదు, సామాను మోసే కూలీల తొందర.

పని ప్రారంభించుటకు ఇల్లంతా ఒక్క దినం తిరగవేయుట మంచిది కాదు. మధ్యాహ్నానికి అలసట, సాయంకాలానికి కోపం, రాత్రికి అన్నియు మరల మంచం క్రిందికి. ఒక ఆదివారానికి ఒక పెట్టె చాలును. పెట్టెను ఖాళీచేసి, అడుగున తుప్పు ఉన్నదేమో చూచి, ఇటుకలమీద ఎత్తి, గోడకు నాలుగు వ్రేళ్ళ ఎడంగా పెట్టవలెను. బీరువాలో అన్నిటికంటె క్రింది అరలో కాగితాలు పెట్టరాదు. అది నీటికి, ఎలుకకు మొదట అందే చోటు. వేపాకులో కలరా ఉండలో వేసి, ఏటికొకసారి మార్చవలెను. తడిసిన పుస్తకాన్ని మండుటెండలో పెట్టకుండా, బలవంతంగా విప్పకుండా, అద్దుడుకాగితాలు మధ్య మధ్య పెట్టి నీడలో గాలికి ఆరనీయవలెను.

ఫోటోల పెట్టె మాత్రం ఒంటరిగా సర్దదగినది కాదు. దానికి అమ్మమ్మనో నాయనమ్మనో ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. పాతకాలపు నలుపు తెలుపు ఫోటోలో రెండవ వరుసలో ఎడమనుండి మూడవ మనిషి ఎవరో, వెనుక కనిపించే తాటిచెట్లు ఏ ఊరివో ఆమె చెప్పగలదు. ఇంటిలో మరెవ్వరూ చెప్పలేరు. ఆమె చెప్పుతూ ఉండగా మనుమడో మనుమరాలో ఫోటోను బోర్లించి పేర్లు వ్రాయవచ్చును. మెత్తని పెన్సిలుతో, గట్టిగా ఒత్తకుండా, అంచువద్ద వ్రాయవలెను. సిరా వలదు, ఈ ఊరి చెమ్మకు అది వెనుకనుండి ముఖాలమీదికి పాకుతుంది.